అమ్మేసిన పుస్తకం టీవీలో వచ్చింది!

'నవల చదివినంత హాయి టీవీలో చూస్తే వస్తుందా?' ఈ మాట మనలో ఎంతమందిమి ఎన్నిసార్లు అనుకున్నామో! చదివినవాళ్లకి తెర మీద ఏదీ ఓ పట్టాన నచ్చదు. కథానాయిక మనం అనుకున్నట్టు ఉండదు. ఆ ఇల్లు మనం మనసులో కట్టుకున్న ఇల్లులా ఉండదు. మనకి బాగా నచ్చిన మాట ఒకటి ఉంటుంది చూడండి, సరిగ్గా దాన్నే ఎగరగొట్టేస్తారు. పక్కనున్న వాళ్లు కళ్లప్పగించి చూస్తుంటే మనం మాత్రం 'పుస్తకంలో ఇలా లేదు' అని గొణుగుతూ కూచుంటాం.

నేనూ అలా గొణిగిన దాన్నే. నా నోరు మూయించింది మా అత్తమ్మ. ఆవిడకి చదువు రాదు. సంతకం కూడా వేలిముద్రే. అయినా పుస్తకాన్ని టీవీలో ఎలా చూడాలో నాకు నేర్పింది ఆవిడే. ఆ ముచ్చటే ఇవాళ మీతో చెప్పుకోవాలనిపించింది.

ఆ బైండు పుస్తకం

1984లో పెళ్లయి చంపాపేట వచ్చాను. ఇప్పుడు చంపాపేట అంటే మెయిన్‌రోడ్డు దాటడానికి పది నిమిషాలు నిలబడాలి. అప్పుడలా కాదు. ఐ.ఎస్. సదన్ దాటాక ఇళ్లు పలచబడిపోయేవి. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్తుంటే దారి పొడుగునా ఖాళీ ప్లాట్లు, రాతి కడీలు, తుమ్మచెట్లు. సాయంత్రమైతే కోఠీ వెళ్లిన మనిషి బస్సు దిగేదాకా ఇంట్లోవాళ్లకి దిగులే.

మాది గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున, అమరావతికి దగ్గర్లో ఓ పల్లె. మా వారిది నల్గొండ వైపు. బ్యాంకు ఉద్యోగం మీద గుంటూరులో ఉన్నప్పుడు మా అన్నయ్యతో స్నేహం కలిసి, అది సంబంధం దాకా వచ్చింది. కట్నాల దగ్గరా, లాంఛనాల దగ్గరా పేచీ రాలేదు కానీ భాష దగ్గర వచ్చింది. నేను ఉల్లిపాయ అంటే అత్తమ్మ ఉల్లిగడ్డ అనేది. నేను బంగాళాదుంప అంటే ఆలుగడ్డ. నేను గిన్నె అడిగితే గంజు ఇచ్చేది. 'అత్తయ్యగారూ' అని పిలిస్తే 'గారు ఎందుకు పిల్లా, నేనేమన్న కచ్చేరిల సాబునా?' అనేది. నవ్వే మాటే, నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. నా మాట విని ఇంటికొచ్చిన వాళ్లు నవ్వితే, వాళ్ల మాట విని నేను లోలోపల నవ్వుకునేదాన్ని. బి.ఏ. చదివానన్న గర్వం కూడా కాస్త ఉండేదనుకోండి.

పుట్టింటి నుంచి తెచ్చుకున్న వాటిలో నాకు ప్రాణమైంది ఒకటుంది. 1975 నుంచి 1977 దాకా ఆంధ్రజ్యోతి వారపత్రికలో సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు వారం వారం వచ్చాయి. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు సంపాదకులుగా ఉన్న రోజులవి. ఒక్కో కథకీ బాపు గారి బొమ్మ. అప్పుడు నేను హైస్కూలు పిల్లని. మా ఊరి పక్క ఊరు, మేం మునిగిన రేవు, మేం ప్రదక్షిణం చేసిన అమరేశ్వరుడి గుడి పత్రికలో అచ్చయి వస్తుంటే మా ఇంట్లో పండగే! నాన్న ఆ కాగితాలన్నీ కత్తిరించి, జాగ్రత్తగా వరసలో పెట్టి, బైండు చేయించారు. దానికి బ్రౌను పేపరు అట్ట వేసి నా పేరు రాశారు. తర్వాత ఆ కథలు పుస్తకంగా వచ్చాయి. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అయినా నాకు మా నాన్న బైండే అసలు పుస్తకం.

1985లో కాన్పుకి పుట్టింటికి వెళ్లాను. అయిదో నెల బిడ్డతో తిరిగొచ్చేసరికి ఆ బైండు లేదు. పెట్టె ఖాళీ చేసి, అందులో పసిపిల్ల బట్టలు సర్దింది అత్తమ్మ. పాత పేపర్లతో పాటు దాన్ని కూడా రద్దీ బండివాడికి తూకానికి వేసేసింది. బ్రౌను పేపరు చుట్టిన పాత కాగితాలు! చదువు రాని మనిషికి అది వేరు, ఇది వేరు అని ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నా నోటి నుంచి ఒక మాట వచ్చేసింది.

'అక్షరం ముక్క రానివాళ్ల చేతిలో పడితే పుస్తకమైనా ఒకటే, పొట్లం కాగితమైనా ఒకటే!'

అత్తమ్మ ఏమీ అనలేదు. బిడ్డని నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంట్లో పన్లు పన్లలాగే నడిచాయి. కానీ ఆ రోజు నుంచీ నేను ఏ పుస్తకం పట్టుకున్నా ఆవిడ ఆ గదిలోకి వచ్చేది కాదు. చీపురు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి కూడా వెనక్కి తిరిగిపోయేది.

టీవీ వచ్చింది... తర్జుమా నాకే కావాల్సొచ్చింది!

1986లో టీవీ కొన్నాం. మన హైదరాబాద్‌లోనే ఇ.సి.ఐ.ఎల్. వాళ్లు తయారుచేసిన ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. డాబా మీద యాంటెన్నా రామంతాపూర్ వైపు తిప్పి పెట్టాలి. గాలి వీస్తే బొమ్మ పోయి చుక్కలు. మావారు పైకెక్కి తిప్పుతుంటే నేను మెట్ల దగ్గర, అత్తమ్మ టీవీ దగ్గర. 'వచ్చిందా?' 'రాలే!' 'ఇప్పుడూ?' 'ఆ... ఆ... పోయింది!' ఈ కేకలు మీ ఇళ్లలోనూ వినబడే ఉంటాయి.

1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున మా హాల్లో చెప్పులు విడిచే చోటు ఉండేది కాదు. ఆ రోజుల్లోనే మాల్గుడి డేస్ వచ్చింది. ఆర్.కె. నారాయణ్ గారు లేని ఊరిని సృష్టించి రాస్తే, కన్నడ నటుడు శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబేలో ఆ ఊరిని నిజంగా నిలబెట్టాడు. రచయిత తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు వేశారు. తన 'గైడ్' నవలని సినిమాగా తీసినప్పుడు కథ ఎంతగా మారిపోయిందో చెబుతూ నారాయణ్ గారు ఏకంగా వ్యాసమే రాశారు. అలాంటాయన కథల్ని తెరకెక్కించడమంటే మాటలా! కానీ స్వామిగా వేసిన ఆ పిల్లవాడు మంజునాథ్ నడుచుకుంటూ వస్తే, ఇక పుస్తకం తెరిచినా వాడి మొహమే కనిపించేది.

ఇక్కడే ఓ చిక్కు వచ్చింది. ఇవన్నీ హిందీలో కదా! నేను బడిలో నేర్చుకున్న హిందీ పరీక్షకి సరిపోయింది కానీ పాత్రలు గబగబా మాట్లాడుకుంటే సగం అర్థమయ్యేది కాదు. అత్తమ్మ నైజాం రోజుల్లో పుట్టిన మనిషి. ఊళ్లో ఉర్దూ విని పెరిగింది. పెళ్లయ్యాక మాదన్నపేట మండీలో కూరగాయలు బేరమాడింది. టీవీలో వాళ్లు నవ్వకముందే ఆవిడ నవ్వేది. నేను రెండు నిమిషాలు ఆగి, 'ఏమన్నాడు అత్తమ్మా?' అని అడిగేదాన్ని.

చూశారా! అక్షరం ముక్క రానిదని నేనన్న మనిషే, నాకు కథ విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చెప్పేది కూడా. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. అదే నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది.

'తమస్' చూసిన రాత్రి

1988 మొదట్లో 'తమస్' వచ్చింది. భీష్మ సాహ్ని నవల. దేశ విభజన సమయంలో పంజాబులో జరిగిన ఘోరాలు కళ్లారా చూసి రాసిన మనిషాయన. ఆ నవలకి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. గోవింద్ నిహలానీ తీశాడు. ఆ సీరియల్ వేస్తే మళ్లీ గొడవలు రేగుతాయని, ఆపేయాలని కొందరు కోర్టుకి వెళ్లారు. బొంబాయి హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇలాంటివి చూసి జనం చెడిపోరు, జరిగినదాని నుంచి నేర్చుకుంటారన్నది కోర్టు భావం.

మా ఇంట్లో కూడా చిన్న కోర్టే జరిగింది. పక్కనే సైదాబాద్, సంతోష్‌నగర్. గొడవలు, కర్ఫ్యూలు మాకు కొత్త కాదు. 'పడుకునే ముందు ఇవెందుకు?' అని మావారు కట్టేయబోయారు. 'ఉండనియ్యి' అంది అత్తమ్మ.

అందులో హర్నామ్‌సింగ్, బంతో అని ఓ ముసలి సిక్కు దంపతులుంటారు. హర్నామ్‌సింగ్ వేషం రచయిత భీష్మ సాహ్నియే వేశారు. బంతోగా దీనా పాఠక్. ఉన్న ఊళ్లో కొట్టు వదిలేసి, రాత్రంతా నడిచి, తెల్లారేసరికి ఓ ముస్లిం ఇంటి తలుపు తడతారు. ఆ ఇంటావిడ రాజో. మగవాళ్లు బయటికి వెళ్లి ఉంటారు, అదీ లూటీకి! ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి వాళ్లని లోపల దాస్తుంది. కాసేపటికి ఆమె మొగుడు ఓ ట్రంకుపెట్టె మోసుకొస్తాడు. అది ఈ ముసలివాళ్లదే! రాజోగా వేసిన సురేఖా సిక్రీకి జాతీయ అవార్డు వచ్చింది. ఆవిడ మొహంలో భయం, జాలి, మొగుడి మీద కోపం మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

ఆ ఘట్టం అయ్యాక టీవీ కట్టేశాం. నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి అత్తమ్మ అక్కడే పీట మీద కూచుని ఉంది.

'మాయమ్మ గూడ గట్లనే దాసింది బిడ్డా' అంది.

నాకు ముందు అర్థం కాలేదు. నిదానంగా చెప్పింది. 1948లో ఆవిడకి పన్నెండేళ్లు. రజాకార్లు వస్తున్నారంటే ఆడపిల్లల్ని తీసుకుని జొన్నచేలో రాత్రుళ్లు పడుకున్నారట. తర్వాత సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అయిదు రోజుల్లో నైజాం లొంగిపోయాడు. అప్పుడు భయం అటు తిరిగింది. ఊళ్లో గాజులమ్మే ముసల్మాన్ ఆడమనిషి, ఆమె ఇద్దరు పిల్లలు ఎటు పోవాలో తెలీక వీళ్ల దొడ్లోకి వచ్చారు. అత్తమ్మ తల్లి వాళ్లని వడ్లు పోసే కొట్టంలో రెండు రాత్రులు దాచింది.

'రొట్టెలు నేనే కొంగుల పెట్టుకోని ఇచ్చొచ్చిన. ఎవ్వలకన్న చెప్పినవో సంపుత అన్నది మాయమ్మ. మా నాయనకు గూడ ఎర్కలే. గీ నలభయ్యేండ్లల నేనూ ఎవ్వలకు చెప్పలే.'

'మీ అబ్బాయికి కూడానా?'

'అడిగినోళ్లెవరు?'

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డిగ్రీలో దేశ విభజన గురించి, పోలీసు చర్య గురించి నేను పరీక్ష రాసిన దాన్ని. తారీఖులు కూడా గుర్తున్నాయి. ఆ చరిత్ర నా ఇంట్లో, నా వంటింట్లో, నాలుగేళ్లుగా నాకు కాఫీ కలిపి ఇస్తోంది. నేను అడగలేదు. మర్నాడు పొద్దున, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారిగా, పని లేకుండా వెళ్లి ఆవిడ పక్కన కూచున్నాను. 'ఆ గాజులావిడ తర్వాత ఏమైంది అత్తమ్మా?' అని అడిగాను.

'పట్నం పోయిండ్రు. మళ్ల కనవడలే. పోయేటప్పుడు నాకు రెండు డజన్ల గాజులు ఇచ్చింది. ఏసుకుంటే అందరు అడుగుతరని మాయమ్మ బాయిల ఏసింది' అంది.

నా అమరావతి హిందీ మాట్లాడింది

తర్వాత కూడా ఎన్నో చూశాం. ఆదివారాలు చంద్రకాంత కోసం పిల్లలు హోంవర్కు ముందే ముగించేవాళ్లు. దేవకీనందన్ ఖత్రీ గారు 1888లో రాసిన నవల అది. బ్యోంకేశ్ బక్షీ వస్తే దొంగ ఎవరో అత్తమ్మ ముందే చెప్పేది. ఎక్కువ మర్యాదగా మాట్లాడే వాడే దొంగ అని ఆవిడ లెక్క. చాలాసార్లు నిజమయ్యేది కూడా!

1995 ప్రాంతంలో ఓ రోజు పేపర్లో చూశాను. 'అమరావతీ కీ కథాయేఁ' – దర్శకత్వం శ్యామ్ బెనెగల్. గుండె ఝల్లుమంది. బెనెగల్ మన సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్న మనిషి. అంకుర్, నిశాంత్ లాంటి సినిమాల్లో మన తెలంగాణ పల్లెల్నే చూపించినాయన. అంతకుముందే నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాల 'భారత్ ఏక్ ఖోజ్' తీశారు. అలాంటాయన చేతిలో మా అమరావతి! కానీ అది చూడటానికి సత్యం గారే లేరు. 1987లోనే వెళ్లిపోయారు.

మొదటి భాగం వచ్చిన రోజు ముందే వంట ముగించి కూచున్నాను. పది నిమిషాలయ్యేసరికి నా మొహం చిన్నబోయింది. మా ఊరి మనుషులు హిందీ మాట్లాడుతున్నారు! పంచె కట్టు, గుడి, ఏరు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ సత్యం గారి వాక్యం కృష్ణలో నీళ్లలా అలా అలా జారిపోతుంది కదా, అది లేదు. మా ఊళ్లో ముసలమ్మ 'ఒరేయ్ నాయనా' అంటే అందులో తిట్టూ ఉంటుంది, ముద్దూ ఉంటుంది. హిందీలో 'బేటా' అంటే ఒక్క ముద్దే మిగిలింది.

'ఛ, పుస్తకంలో ఇలా లేదు' అన్నాను పైకే.

అత్తమ్మ నా వైపు తిరిగింది. 'ఏ పుస్తకంల?' అంది.

జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే మళ్లీ అంది. 'గా అట్ట ఏసిన పుస్తకమా? నేను అమ్మిందా?'

పదేళ్లయింది. మర్చిపోయింది అనుకున్నాను. మర్చిపోలేదు.

'అవును అత్తమ్మా. అదే.'

కాసేపు టీవీ చూసింది. తర్వాత, 'నాకు తెల్వక ఏసిన పిల్లా. గండ్ల గింత పెద్ద ఊరున్నదని నాకేమెర్క?' అంది.

నేను అప్పుడు అనాల్సిన మాట ఒకటుంది. పదేళ్ల క్రితం అన్నదానికి క్షమించమని. మన ఇళ్లలో అత్తాకోడళ్లు అలా అనుకోవడం ఎక్కడుందండీ? నేను అనలేకపోయాను. 'ఆయన ఇప్పుడేమన్నాడు?' అని అడిగాను, ఎప్పట్లాగే. ఆవిడ చెప్పింది. నేను ఊరుకోకుండా, 'పుస్తకంలో అక్కడ ఏం రాశారంటే...' అని మొదలుపెట్టాను. అలా ఆ సీరియల్‌ని మేమిద్దరం కలిసి చూశాం. హిందీ నుంచి తెలుగులోకి ఆవిడ తెచ్చేది, తెలుగు నుంచి అమరావతిలోకి నేను తీసుకెళ్లేదాన్ని.

మధ్యాహ్నం చదువులు

తర్వాతి వారం కోఠీ వెళ్లి అమరావతి కథలు పుస్తకం కొన్నాను. మా నాన్న బైండు కాదు కానీ, బాపు బొమ్మలున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కరెంటు పోయే వేళకి, అరుగు మీద కూచుని రోజుకో కథ చదివి వినిపించడం మొదలుపెట్టాను.

మొదట 'వరద' చదివాను. కృష్ణకి వరదొస్తే ఊరంతా ఒకచోట చేరడం, ఆకలి ముందు కులం, మడి అన్నీ కొట్టుకుపోవడం, నీళ్లు తియ్యగానే మనుషులు మళ్లీ ఎవరి గడపలోకి వాళ్లు వెళ్లిపోవడం. చదవడం అయ్యాక అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. 'మా దొడ్ల గూడ గంతే. రెండు రాత్రులు ఒక్కటే గంజుల నీళ్లు తాగినం. మూడో దినం మాయమ్మ ఆ గంజును బూడిదేసి తోమింది' అంది. ఆ మాట సత్యం గారు వినుంటే ఇంకో కథ రాసేవారని నాకనిపించింది.

నూరు కథలు పూర్తయ్యేసరికి ఏడాది దాటింది. మధ్యలో పండగలు, పరీక్షలు, జ్వరాలు. ఆవిడ బాపు బొమ్మని బట్టి కథని గుర్తుపట్టేది. 'గా ముక్కుపుడకది మళ్ల చదువు' అనేది. సుడిగుండంలో ముక్కుపుడక కథ అది. నేను కొన్ని మాటలు చదువుతుంటే, 'గట్లంటే ఏంది?' అని అడిగేది. చెబితే, 'గదా! మేం గిట్లంటం' అనేది. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ పేచీ అలా ఎప్పుడు తీరిపోయిందో మాకే తెలీదు. ఇప్పుడు నేను ఆలుగడ్డ అనే అంటున్నాను.

నవల చిన్నది, సీరియల్ పెద్దది!

2006లో మా టీవీలో 'రాధ మధు' మొదలైంది. యద్దనపూడి సులోచనారాణి గారి 'గిరిజా కళ్యాణం' నవలని మంజులా నాయుడు గారు సీరియల్‌గా తీశారు. యద్దనపూడి నవలల పేర్లు చెబితే మా తరం ఆడవాళ్ల కళ్లు మెరుస్తాయి. సెక్రటరీ, మీనా, జీవన తరంగాలు... అద్దె పుస్తకాల షాపులో పేరు రాయించుకుని, వంతు కోసం ఎదురుచూసి, పాఠం పుస్తకంలో పెట్టుకుని చదివిన వాళ్లమే కదా! అవన్నీ సినిమాలుగానూ వచ్చాయి. రెండున్నర గంటల సినిమాకి నవలని కత్తిరించాలి. రోజూ వచ్చే సీరియల్‌కి అదే నవలని సాగదీయాలి. మూడు రోజుల్లో చదివేసిన కథ రెండేళ్లు నడిచింది!

అప్పటికి అత్తమ్మకి డెబ్భై. చూపు తగ్గింది. టీవీ దగ్గర వినడమే ఎక్కువ. 'గీ పుస్తకం గూడ చదివినవా?' అని అడిగింది. చదివానంటే, 'చివరికేమైతదో చెప్పకు' అంది. పది రోజులయ్యాక, 'జెర చెప్పు' అంది! చెప్పాను. 'సరే. గిప్పుడు ఎట్ల పోతరో సూత్త' అని నిశ్చింతగా కూచుంది. ముగింపు తెలిసినా ఆవిడకి రుచి తగ్గలేదు. రామాయణం ముగింపు తెలీకనా దేశమంతా చూసింది!

మరి ముందు చదవాలా, ముందు చూడాలా?

మా అమ్మాయి డిగ్రీలో జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఉండేది. దాన్ని దూరదర్శన్ 1985లోనే 'తృష్ణ' పేరుతో మన ఇళ్లలోకి తెచ్చింది. పెళ్లీడు కూతుళ్లు, సంబంధాల కోసం ఆరాటపడే తల్లి... ఇంగ్లండు కథ అయితేనేం, మన చంపాపేట కథలాగే ఉంటుంది! 1995లో బీబీసీ వాళ్లు అదే నవలని ఆరు భాగాలుగా తీశారు. మా అమ్మాయి అది చూసి, 'ఇంక పుస్తకం ఎందుకమ్మా?' అంది. నేను గొణగలేదు. 'చూసింది నాకు చెప్పు' అన్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. 'ఆ అమ్మాయి అప్పుడు లోపల ఏమనుకుందో తెలీదు' అంది. ఆ సాయంత్రం పుస్తకం తెరిచింది.

నా అనుభవంలో తేలింది చెబుతాను. తెర మనకి మొహాలు చూపిస్తుంది, ఊళ్లు చూపిస్తుంది. చదువు రాని వాళ్లకీ, చూపు తగ్గిన వాళ్లకీ, తీరిక లేని వాళ్లకీ తలుపు తెరుస్తుంది. మనిషి లోపల నడిచే మాట మాత్రం పుస్తకంలోనే దొరుకుతుంది. కాబట్టి ఇంట్లో చదివినవాళ్లు ఒకరుంటే, తప్పులు పట్టడం మానేసి పక్కన కూచుని ఆ లోపలి మాట చెబితే చాలు. ఒంటరిగా చూడొద్దు. అయ్యాక అయిదు నిమిషాలు టీవీ కట్టేసి మాట్లాడుకోండి. పెద్దవాళ్లుంటే 'మీ రోజుల్లో ఎలా ఉండేది?' అని ఒక్క మాట అడగండి. పిల్లలు ముందు చూసేస్తే చూడనివ్వండి, పుస్తకం మాత్రం వాళ్ల చేతికి అందేచోట పెట్టండి.

ఇప్పుడు ఈ సీరియళ్లు చాలావరకు ఫోన్లోనే దొరుకుతున్నాయి. యాంటెన్నా తిప్పక్కర్లేదు. కానీ ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవిలో వైరు వాళ్లది. 'ఏమన్నాడు?' అని అడిగే అవసరమే లేకుండా పోయింది.

అత్తమ్మ 2011లో పోయింది. 2024 డిసెంబరులో శ్యామ్ బెనెగల్ కూడా పోయారని టీవీలో చెబుతుంటే, లేచి వెళ్లి అలమారాలోంచి అమరావతి కథలు తీశాను. మా మనవరాలు పక్కన చేరింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం అంతంత మాత్రం. పేజీలు తిప్పుతూ, 'అమ్మమ్మా, ఇక్కడ పసుపు మరకలేంటి?' అంది.

పోపు గింజలు ఏరుతూ, పసుపు కొమ్ములు దంచుతూ వచ్చి, బొమ్మ చూపించి 'గిది చదువు' అనేది కదా, ఆ వేళ్లు అవి. సంతకం చెయ్యడం రాని మనిషి, తనకి నచ్చిన కథలన్నిటి మీదా వేలిముద్ర వేసి పెట్టింది.

'అది మా అత్తమ్మ రాత' అన్నాను. 'ఇలా కూచో. చదువుతా, విను.'